పసికందుకు చేరే పెద్దల దగ్గు

కోరింత దగ్గు అనగానే ఊపిరి తిప్పుకోనివ్వకుండా తెరలు తెరలుగా వచ్చే దగ్గు, ఆ చివర గాలిని లోపలికి లాగేటప్పుడు వినిపించే కూత గుర్తుకు వస్తాయి గాని, నెల నిండని శిశువులో ఈ రెండూ కనిపించకపోవచ్చు. పాలు తాగుతున్న బిడ్డ ఉన్నట్టుండి చనుమొన వదిలేసి, పెదవులు నీలం తిరిగి, కొన్ని క్షణాలు శ్వాస ఆపేయడమే కొన్నిసార్లు తొలి హెచ్చరిక. 1906లో జూల్ బోర్డె, ఆక్టేవ్ జాంగూ బ్రస్సెల్స్‌లో వేరుచేసిన బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే బాక్టీరియా ఇందుకు కారణం.

శిశువుకు ఇది సాధారణంగా ఇంట్లోవారి నుంచే సోకుతుంది. టీకా వల్ల గాని, వ్యాధి వల్ల గాని వచ్చిన రక్షణ కొన్నేళ్లకు సన్నగిల్లుతుంది కనుక పెద్దలకు మళ్లీ సోకి, వారాల తరబడి వదలని దగ్గుగా మిగులుతుంది. భిలాయి వంటి ఉక్కుపట్టణంలో అలాంటి దగ్గును దుమ్ము ఖాతాలో వేసి ఊరుకోవడం మరీ తేలిక.

ప్రభుత్వ టీకా కార్యక్రమంలో కోరింత దగ్గును కూడా అడ్డుకునే పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు, బలవర్ధక మోతాదులుగా డీపీటీ 16–24 నెలలకు, 5–6 ఏళ్లకు ఇస్తారు. మొదటి ఆరు వారాలు బిడ్డకు సొంత రక్షణ లేదన్నమాట. గర్భిణికి 27–36 వారాల మధ్య, కోరింత దగ్గుకూ పనిచేసే టీడాప్ టీకా వేస్తే ఆమెలో పుట్టిన ప్రతిరక్షకాలు, అంటే రోగక్రిమిని అడ్డుకునే ప్రోటీన్లు, మాయ ద్వారా బిడ్డకు చేరి ఆ ఖాళీని పూరిస్తాయి. బ్రిటన్ 2012లో ఈ పద్ధతినే చేపట్టింది. అయితే మన ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకు వేసే టీడీ ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికే పనిచేస్తుంది గాని కోరింత దగ్గుకు కాదు. ఈ తేడా తెలియక, సూది వేయించుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండే కుటుంబాలు ఉండవచ్చు, కాబట్టి టీడాప్ గురించి వైద్యుణ్ణి ప్రత్యేకంగా అడగవలసిందే.

భిలాయిలోని తెలుగువారింట కోడలు పురిటికి పుట్టింటికి వెళితే ఆరో వారం అక్కడే గడిచిపోతుంది. తిరిగి వచ్చాక చూద్దామని టీకాను వాయిదా వేయనవసరం లేదు, కార్డు వెంట ఉంటే ఏ ఊళ్లోనైనా వేయించవచ్చు. బారసాలకు వచ్చిన బంధువుల్లో దగ్గుతున్నవారు ఉయ్యాల మీదికి వంగకపోవడమే మేలు.

ఇంట్లో ఒకరికి వ్యాధి తేలితే వైద్యులు రోగికే గాక బిడ్డతో మెలిగేవారికి కూడా అజిత్రోమైసిన్ ఇస్తారు. మందు మొదలుపెట్టిన ఐదు రోజులకు రోగి నుంచి వ్యాప్తి ఆగుతుంది. దగ్గు మాత్రం అంత త్వరగా పోదు; చైనాలో దీన్ని నూరు రోజుల దగ్గు అంటారు.