గోధుమ లేకున్నా పొంగే రొట్టె

సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకి గోధుమ జీవితాంతం నిషిద్ధం. అంతమాత్రాన పొద్దున్నే టీలోకి మెత్తటి బ్రెడ్డు ముక్క కూడా కరవైపోవాలా? అక్కర్లేదు. దానికి కావలసిన విద్య సగం మన వంటింట్లోనే ఉంది.

సూపర్‌మార్కెట్లో ‘గ్లూటెన్ ఫ్రీ’ బ్రెడ్డు కొన్నవాళ్ల ఫిర్యాదులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. ప్యాకెట్ విప్పితే ముక్క చేతిలోనే పొడిపొడిగా రాలిపోతుంది. కాల్చకుండా తింటే సుద్ద నమిలినట్టుంటుంది. ఫ్యాషన్ కోసం గోధుమ మానేసినవాళ్లయితే మర్నాడు మామూలు బ్రెడ్డు తెచ్చుకుని ఊరుకుంటారు. సీలియాక్ ఉన్నవాళ్లకి ఆ వెసులుబాటు లేదు.

ఆ బ్రెడ్డు బాగోలేదంటే తప్పు బియ్యానిదీ కాదు, జొన్నదీ కాదు. గోధుమ పిండికి పుట్టిన పద్ధతిలో వేరే పిండిని ఇరికించడం దగ్గరే తేడా వస్తోంది. బియ్యానికీ జొన్నకీ వాటి పద్ధతులు వాటికున్నాయి. అవి పట్టుబడితే రొట్టె పొంగుతుంది, మెత్తగానూ ఉంటుంది.

డాక్టర్లకి దారి చూపిన కరవు

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రొటీన్ల కూటమే గ్లూటెన్. సీలియాక్ ఉన్నవారిలో అది చిన్నపేగుకి చేరగానే రోగనిరోధక వ్యవస్థ ఎదురు తిరిగి సొంత పేగునే దెబ్బతీస్తుంది. ఆహారసారాన్ని పీల్చుకునేందుకు పేగు గోడ మీద ముఖమల్ నూగులా ఉండే విల్లైలు అరిగి చదునైపోతాయి. తిన్నది ఒంటపట్టదు. కొందరికి విరేచనాలు, కడుపుబ్బరం. కొందరికి పొట్టలో ఏ బాధా ఉండదు గానీ ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా రక్తహీనత తగ్గదు. పిల్లలు ఎత్తు పెరగరు. ఎముకలు గుల్లబారతాయి. దీన్ని నయం చేసే మందు ఇప్పటికీ లేదు. గ్లూటెన్‌ను పూర్తిగా మానడమే చికిత్స.

ఇది తెలుసుకోవడానికి వైద్యులకి చాలాకాలం పట్టింది. లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1887లో ఇచ్చిన ఉపన్యాసంలో ఈ జబ్బు లక్షణాలను చక్కగా వర్ణించాడు. నయమయ్యే దారంటూ ఉంటే అది ఆహారంలోనే ఉందని కూడా పసిగట్టాడు. తీరా పథ్యం చెప్పేసరికి బియ్యం, సగ్గుబియ్యం, మొక్కజొన్న పిండి పనికిరావన్నాడు. పల్చగా కోసి రెండువైపులా బాగా కాల్చిన బ్రెడ్డు మాత్రం పెట్టొచ్చన్నాడు. ఆయన వద్దన్న బియ్యం, మొక్కజొన్న పిండే ఇవాళ సీలియాక్ రోగుల రొట్టెల్లో తరచూ కనిపిస్తున్నాయి.

అసలు దోషిని పట్టుకున్నవాడు నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరానికి చెందిన పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డికె. గోధుమ మీద ఆయనకి ముందునుంచే అనుమానం ఉంది. గోధుమ లేని పథ్యం గురించి 1941లోనే రాశాడు. 1944–45 చలికాలంలో జర్మన్ ఆక్రమణ కింద ఉన్న పడమటి నెదర్లాండ్స్ తిండిలేక అల్లాడింది. జనం టులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. ఊళ్లన్నీ చిక్కి శల్యమవుతుంటే సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారు. మళ్లీ బ్రెడ్డు రావడం మొదలవగానే జబ్బు తిరగబెట్టింది. ఆ అనుమానాన్ని పరిశోధనతో రుజువు చేస్తూ డికె 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంతగ్రంథం సమర్పించాడు.

అన్నం తినేవాళ్లకి రాదా?

‘ఇది ఉత్తరాది జబ్బు, మనకెందుకొస్తుంది’ అనుకోవడం మామూలే. దేశంలో మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దల మీద జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. రక్తంలో ఈ జబ్బుని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో కనిపిస్తే, దక్షిణాదిన 0.10 శాతం మందిలోనే కనిపించాయి. జబ్బుకి వీలిచ్చే డీక్యూ2, డీక్యూ8 జన్యువులు మాత్రం రెండుచోట్లా మూడో వంతు మందికి పైగా ఉన్నాయి. పెద్ద తేడా కనిపించింది కంచంలో. ఆ సర్వేలో ఉత్తరాదివారి సగటు గోధుమ వాడకం రోజుకు 455 గ్రాములు, దక్షిణాదివారిది 25 గ్రాములు.

ఈ జన్యువులున్న వాళ్లందరికీ జబ్బు రాదు. అయినా రాత్రిపూట అన్నం మాని చపాతీకి, పొద్దున ఇడ్లీ మాని బ్రెడ్డుకి మళ్లుతున్న ఇళ్లలో ఈ జబ్బు పేరు తెలిసి ఉండటం అవసరం.

మూడు పనులు, మూడు దినుసులు

గోధుమ పిండిలో నీళ్లు పోసి పిసికితే గ్లియాడిన్, గ్లుటెనిన్ అనే ప్రొటీన్లు అల్లుకుని సాగే జాలంగా మారతాయి. ఈస్టు వదిలే గాలిని ఆ జాలమే బంధిస్తుంది, తడిని పట్టి ఉంచుతుంది, కాలిన తర్వాత రొట్టె కుంగకుండా నిలబెడుతుంది. గ్లూటెన్ ఒక్కటే చేసే ఈ మూడు పనులని వేరే రొట్టెలో ముగ్గురికి పంచాలి.

తడి సంగతి జొన్నరొట్టె చేసేవాళ్లకి బాగా తెలుసు. చన్నీళ్లతో కలిపిన జొన్నపిండి తట్టబోతే అంచులు పగులుతాయి. మరిగే నీళ్లు పోసి కలిపితే పిండిలోని స్టార్చి ఉడికి జిగురొస్తుంది, రొట్టె చేతికి లొంగుతుంది. బ్రెడ్డులో కూడా కొంత పిండిని ఇలా ఉడుకునీళ్లతో కలిపి వేస్తే ముక్క తొందరగా ఎండిపోదు.

గాలి సంగతి మినప్పప్పుకి తెలుసు. ఇడ్లీ పిండి రాత్రంతా పులిసేటప్పుడు బ్యాక్టీరియా వదిలే వాయువును మినుముల్లోని ప్రొటీన్లు, జిగురు పట్టి ఉంచుతాయి. అందుకే ఒక్క గింజ గోధుమ లేకుండా ఇడ్లీ పొంగుతుంది. అదే పిండిని నూనె రాసిన మందపాటి ఇనప మూకుడులో పోసి, మూతపెట్టి సన్నసెగ మీద కాలిస్తే దిబ్బరొట్టె. అడుగున కరకరలాడే ఎర్రటి పెచ్చు, లోపల గుల్లగుల్లగా మెత్తదనం. ఓవెన్ లేని ఇంట్లో సీలియాక్ ఉన్నవాళ్లకి ఇంతకన్నా మంచి బ్రెడ్డు లేదు.

ఇక రొట్టెను కుంగకుండా నిలబెట్టే సాగే గుణం కావాలి. అది మందుల షాపులో దొరుకుతుంది. మలబద్ధకానికి వాడే ఇసబ్గోల్ పొట్టుని నీళ్లలో వేస్తే అయిదు నిమిషాల్లో జెల్లీలా బిగుస్తుంది. గ్లూటెన్ జాలం స్థానంలో నిలబడేది ఇదే. ఇసబ్గోల్ పండించడంలో ప్రపంచంలో మన దేశానిదే మొదటి స్థానం. విదేశాల్లో గ్లూటెన్ లేని బ్రెడ్డు చేసే బేకరీలు కూడా దీన్ని వాడుతుంటాయి.

ఒక చిన్న బ్రెడ్డుకి లెక్క

బియ్యప్పిండి 150 గ్రాములు, జొన్నపిండి 100, కర్రపెండలం పిండి 100, ఇసబ్గోల్ పొట్టు 20, పంచదార 15, ఉప్పు 6, ఇన్‌స్టెంట్ ఈస్టు 6 గ్రాములు, నూనె 2 టేబుల్ స్పూన్లు, నీళ్లు మొత్తం 380 మిల్లీలీటర్లు.

జొన్నపిండిలో గుప్పెడు తీసి 120 మి.లీ. మరిగే నీళ్లతో కలిపి చల్లారనివ్వండి. మిగతా నీళ్లను గోరువెచ్చగా చేసి ఇసబ్గోల్ నానబెట్టండి. అది బిగిశాక అన్నీ కలిపేయండి. ఇది చపాతీ ముద్దలా రాదు, గారెల పిండి కన్నా కాస్త గట్టిగా, చేతికి అంటుకుంటూ ఉంటుంది. అంటుకుంటోందని పిండి జల్లారో, ఇటుకే వస్తుంది. నూనె రాసిన టిన్నులోకి తీసి, తడిచేత్తో పైన నున్నగా చేసి, వెచ్చగా ఉన్నచోట పెట్టండి. ఒకటిన్నర రెట్లు పొంగితే చాలు. రెట్టింపు కోసం ఆగితే ఓవెన్లో కుంగిపోతుంది. 200 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు గంటసేపు కాల్చాలి. లోపలి వేడి 97 డిగ్రీలకి వస్తే అయినట్టే.

చివరి పరీక్ష ఓపికకి. కనీసం రెండు గంటలు ఆరాక గానీ కత్తి పెట్టకూడదు. వేడి మీద కోస్తే లోపల పచ్చిపిండిలా సాగుతుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా గట్టిపడుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టుకుని, కావలసినప్పుడు పెనం మీద వేడి చేసుకోవడమే మేలు.

ఇంగువ డబ్బా వెనకవైపు

రొట్టె కుదిరినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. ఏదైనా ఇంగువ డబ్బా తిప్పి సన్నక్షరాలు చదవండి. చాలావాటిలో అసలు ఇంగువ కొంచెమే, మిగతాది జిగురు, పిండి. ఆ పిండి కొన్నింటిలో బియ్యానిది, చాలావాటిలో గోధుమది. అంటే బియ్యం, చింతపండు తప్ప మరేమీ లేదనుకున్న పులిహోరలోకి కూడా తాలింపు దారిన గ్లూటెన్ వస్తుంది. పెసరట్టు ఫర్వాలేదు, దాని మధ్యలో పెట్టే బొంబాయి రవ్వ ఉప్మా పనికిరాదు. రవ్వదోసె పోసిన పెనం మీద సాదా దోసె, మైదాతో చేసిన మైసూర్ బజ్జీ వేగిన నూనెలో మిరపకాయ బజ్జీ కూడా ప్రమాదమే. పాలలో కలిపే మాల్ట్ పొడి బార్లీది. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది.

ఇంత పట్టింపు అవసరమా అంటే, మామూలు బ్రెడ్డు ముక్క ఒక్కదానిలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లు రోజు మొత్తానికి 10 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలన్నది నిపుణులు ఎక్కువగా చెప్పే మాట. అంటే ఆ ముక్కలో రెండు వందలో వంతు. మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉంటే ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయకూడదు. గోధుమలు ఆడించిన మరలో, గిర్నీలో వెంటనే మన బియ్యం పోస్తే ఆ హద్దు దాటిపోవచ్చు. బియ్యం కడిగి ఆరబెట్టి ఇంట్లో మిక్సీ పట్టుకోవడం కాస్త శ్రమే అయినా భయం ఉండదు.

ఇటలీలో 2005 నాటి చట్టం ఈ శ్రమని రోగి ఒక్కడి మీదే వదిలేయలేదు. బడి, ఆసుపత్రి, ప్రభుత్వ క్యాంటీన్లలో అడిగినవాళ్లకి గ్లూటెన్ లేని భోజనం పెట్టి తీరాలంది. ఈ ఆహారం కొనుక్కోవడానికి రోగులకి అక్కడి ఆరోగ్యశాఖ నెలనెలా కొంత సొమ్ము కూడా ఇస్తుంది. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేకుండా మన హోటళ్లు చేయగలిగిన పని ఒకటుంది. ఏ పదార్థంలో గోధుమ ఉందో మెనూలో ఒక గుర్తు పెట్టడం.

ఇది చదివి అనుమానం వచ్చిన వాళ్లకి ఒక హెచ్చరిక. రేపటి నుంచే గోధుమ మానేయకండి. మానేస్తే రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోయి, పేగు మానిపోయి, పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు. మామూలుగా తింటూనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలిసి టీటీజీ రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ, బయాప్సీ చేయించుకోండి. జబ్బు ఖాయమైతే ఇంట్లో అందరి రొట్టె పిండినీ ఒకేసారి మార్చేయడం మంచిది. ఒకరికి వేరే డబ్బా, వేరే పెనం పెట్టి ఏళ్లతరబడి కాపలా కాయడం కన్నా అందరూ దిబ్బరొట్టె తినడం తేలిక.