రేకుల సంగతి అమ్మానాయనలకు ఎట్లా చెప్పాలి?



బి.కొత్తకోట చుట్టుపక్కల పల్లెల్లో, తండాల్లో చాలా ఇళ్లకు బూడిదరంగు సిమెంటు రేకులు ఉంటాయి. కొన్ని బడులకు కూడా ఉంటాయి. వాటిని ఆస్‌బెస్టాస్ రేకులు అంటారు. ఆస్‌బెస్టాస్ అంటే తెలుగులో రాతినార. రాయిలోనే పోగులు పోగులుగా నార ఉంటుంది. అది నిప్పుకు కాలదు. దాన్ని సిమెంటులో కలిపి రేకులు చేస్తారు. ఈ రాయిని మన పక్కన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో కూడా తవ్వినారు. 1986లో కేంద్ర ప్రభుత్వం ఈ గనులకు కొత్త లీజులు ఇవ్వడం ఆపింది. కానీ రేకులు చేయడం ఆగలేదు. నార వేరే దేశాల నుంచి వస్తుంది.

ప్రమాదం ఏమిటి?

రేకు బాగుండి, కదిలించకుండా ఉంటే భయం తక్కువ. పగిలినా, కోసినా, బెజ్జం వేసినా సన్నటి దుమ్ము లేస్తుంది. అందులోని పోగులు కంటికి అగుపడవు. ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతాయి. ఎక్కువ దుమ్ము, ఎక్కువ కాలం పీల్చిన వాళ్లకు ఆయాసం, కేన్సర్ రావచ్చు. రోగం వెంటనే రాదు. 20, 30, 40 ఏండ్లకు బయటపడుతుంది. అందుకే పెద్దవాళ్లు "ఇన్నాళ్లూ ఈ రేకుల కిందే ఉన్నాము, మాకేమైంది?" అంటారు.

వేరే చోట్ల ఏం చేస్తారు?

అమెరికాలో 1986లో ఒక చట్టం చేసినారు. బడి కట్టడంలో రాతినార ఎక్కడుందో చూసి పుస్తకంలో రాయాలి. మూడేండ్లకు ఒకసారి మళ్లీ చూడాలి. ఆ పుస్తకం బడి ఆఫీసులో ఉందని తల్లిదండ్రులకు ప్రతి ఏడాది తెలపాలి. అడిగితే చూపాలి. మన దేశంలో, కేరళలో 2009లో మానవ హక్కుల కమిషన్ ప్రభుత్వ బడులకు ఈ రేకులు తీసేసి పెంకులు వేయమని చెప్పింది.

మన దగ్గర సంగతి

మా ఇంట్లో మొదట బడికి వచ్చింది నేనే. మా తండాలో చాలామందికి చదువు రాదు. నేను చిన్నప్పుడు చదివిన ఒక బడిలో పాత రేకులు దించినారు. "రేకుల దగ్గరకు రారాదు" అని కాగితం రాసి గోడకు అంటించినారు. రేకులు ఊరికే వస్తున్నాయని మా వాళ్లు ఎత్తుకొనిపోయి మేకల దొడ్డికి కప్పినారు. మా అమ్మ ముక్కలను నలగ్గొట్టి వాకిట్లో గుంత పూడ్చింది. చిన్నపిల్లలు తొక్కుడుబిళ్లకు ముక్కలు ఏరుకున్నారు. కాగితం మాత్రం గోడమీద బాగానే ఉండింది. అంటించడం వేరు, చెప్పడం వేరు.

కావున నా మనవి

1. పనికి ముందే చెప్పాలి. ఏ రోజు రేకులు దించుతారు, ఆ రోజు పిల్లలు ఎక్కడ ఉంటారు, పాత రేకులు ఎక్కడికి పోతాయి అని చెప్పాలి. వాటిని ఎవరికీ ఇంటికి ఇవ్వరాదు.

2. నోటితో చెప్పాలి. మా అమ్మకు తండా భాషలో చెబితేనే బాగా అర్థమవుతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ మీటింగులో చెప్పవచ్చు. మనల్ని చూడను హాస్టల్‌కు వచ్చినప్పుడు కూడా చెప్పవచ్చు.

3. ఏం చేయాలో కూడా చెప్పాలి. రేకు ముక్కలను నలగ్గొట్టరాదు. పొడిగా ఊడ్వరాదు. నీళ్లు చల్లి తడిపి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూట కట్టాలి. ముక్కుకు కట్టుకున్న గుడ్డ ఈ పోగులను ఆపదు.

4. అడిగితే కోప్పడరాదు. మా నాయన సార్ల ముందు మాట్లాడను జంకుతాడు. అందుకని చెప్పినాక "మీకేం అర్థమైంది?" అని మెల్లగా వాళ్లచేతనే చెప్పించాలి.

ఇది సార్లు, మేడములు మాత్రమే చేసే పని కాదు. మనకు చదువు వచ్చింది, ఇంటి భాష కూడా వచ్చు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మేకల దొడ్డి, కోళ్ల గూడు ఒకసారి చూడండి. పగిలిన రేకు ఉంటే దాని పక్కన కూర్చొని కాదు, దూరంగా కూర్చొని ఇంట్లో వాళ్లకు చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని