24 సెకన్లు... ఎవరు లెక్కపెట్టాలి?

బాస్కెట్‌బాల్ రూల్సు ఎక్కడో మారతాయి. వాటిని అమలు చేయాల్సింది మాత్రం స్కూలు గ్రౌండులో విజిల్ పట్టుకుని నిలబడే రిఫరీ. ఆ రిఫరీ వైపు నుంచి చూస్తే వీటిలో ఏవి పిల్లలకు మేలు చేశాయి? ఏవి పుస్తకంలోనే ఉండిపోయాయి?

ఉక్కునగరంలో ఓ స్కూలు గ్రౌండు అనుకోండి. అండర్-17 ఫైనల్ జరుగుతోంది. జనరల్ షిఫ్టు ముగించుకుని ప్లాంటు నుంచి తిన్నగా వచ్చేసిన నాన్నలు, టిఫిన్ డబ్బాలతో అమ్మలు సిమెంటు మెట్ల మీద సర్దుకు కూర్చున్నారు. ఇంకా రెండు నిమిషాల ఆట ఉంది. స్కోరు 38-37. ఒక్క పాయింటు ముందున్న జట్టు కుర్రాడు బంతిని పక్కవాడికిచ్చాడు. వాడు మూలనున్నవాడికి. వాడు మళ్లీ మొదటివాడికి. బుట్ట వైపు చూసేవాడే లేడు!

'ఏటి సార్ ఇది, బంతి దాచుకుంటారేటి? విజిల్ వెయ్యండి!'... మెట్ల మీంచి ఓ కేక.

అంతర్జాతీయ సమాఖ్య ఫిబా పుస్తకం ప్రకారమైతే బంతి చేతికొచ్చాక 24 సెకన్లలోపు షాట్ కొట్టాల్సిందే. కానీ ఆ గ్రౌండులో 24 సెకన్ల గడియారం లేదు. టేబుల్ దగ్గర ఉన్నది ఓ పీఈటీ మాస్టారు, ఓ స్కోరు పుస్తకం, ఓ స్టాప్‌వాచ్. రిఫరీ మనసులోనే లెక్కపెట్టుకుని విజిల్ వేస్తే 'నీ లెక్క తప్పు' అంటారు ఒకవైపు వాళ్లు. వేయకపోతే 'రూలే తెలీదు' అంటారు రెండోవైపు వాళ్లు. పిల్లల కప్పు ఆ ఒక్క విజిల్ మీదే ఆధారపడి ఉంది.

తొలి మ్యాచ్‌లో తన్నులాట

రూల్సు మార్చాలన్న ఆలోచన ఈ ఆటలో మొదట వచ్చింది కూడా ఓ రిఫరీకే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో, వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ రెండు పీచ్ పండ్ల బుట్టలు గోడకు కట్టించి, 18 మంది విద్యార్థులను రెండు జట్లు చేసి ఆడించాడు. తనే విజిల్ వేశాడు. ఏం జరిగిందో 1939లో ఓ రేడియో కార్యక్రమంలో ఆయనే చెప్పుకొచ్చాడు. కుర్రాళ్లు ఒకరినొకరు పడేసుకుని, తన్నుకుని, గుద్దుకున్నారట. ఒకరికి భుజం పట్టు తప్పింది, కొందరికి కళ్లు వాచిపోయాయి. రూల్సు చాలకపోవడమే తన పొరపాటని ఆయన ఒప్పుకున్నాడు. అందుకే బంతి పట్టుకుని పరుగెత్తకూడదన్న నిబంధన పెట్టాడు. అన్నింట్లోకీ ముఖ్యమైన రూలు అదేనన్నది ఆ తొలి రిఫరీ అభిప్రాయం.

ఉక్కునగరం వాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లు పెట్టుకున్న ఊరది. హెల్మెట్, బూట్లు లేనిదే ప్లాంటు లోపలికి ఎందుకు వెళ్లనివ్వరో అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు.

అలాగని నైస్మిత్ అన్ని మార్పులకూ తల ఊపలేదు. అప్పట్లో బుట్టలో బంతి పడ్డ ప్రతిసారీ మళ్లీ మధ్య గీత దగ్గరకొచ్చి జంప్ బాల్ వేసేవారు. 1937లో అమెరికాలో దాన్ని ఎత్తేస్తే ఆయనకు నచ్చలేదు. అది పోయాకే ఆటకు ఇప్పుడున్న వేగం వచ్చింది. ఆట పుట్టించినవాడి అంచనా కూడా తప్పొచ్చన్నమాట!

19-18... అదీ స్కోరు!

మళ్లీ ఆ 24 సెకన్ల దగ్గరికి వద్దాం. 1950 నవంబరులో అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు మినియాపొలిస్ లేకర్స్‌ను 19-18 తేడాతో ఓడించింది. మొత్తం ఆటలో రెండు జట్లూ కలిపి 37 పాయింట్లు! బలమైన జట్టును ఓడించడానికి పిస్టన్స్ బంతిని తమ దగ్గరే అట్టిపెట్టుకున్నారు. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవాళ్లకు ఎలా ఉంటుంది? సిరాక్యూస్ జట్టు యజమాని డానీ బయసోన్ ఓ లెక్క కట్టాడు. ఆట 48 నిమిషాలు, అంటే 2880 సెకన్లు. బాగా సాగిన మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి కొట్టే షాట్లు సుమారు 120. భాగిస్తే వచ్చింది 24. 1954లో ఎన్‌బీఏ ఆ గడియారం తగిలించింది. ఫిబా 30 సెకన్లతో నడిపి, 2000లో 24కి దిగింది. అప్పుడే సొంత సగం నుంచి బంతిని దాటించే గడువు 10 నుంచి 8 సెకన్లకు తగ్గింది. 20 నిమిషాల చొప్పున రెండు సగాలుగా ఉన్న ఆట, పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లయింది. 2014 నుంచి రింగుకు తగిలిన బంతిని దాడి చేసే జట్టే మళ్లీ అందుకుంటే కొత్తగా ఇచ్చేది 14 సెకన్లే.

పుస్తకం ప్రకారం దీనికోసమే టేబుల్ దగ్గర ఒక మనిషి ప్రత్యేకంగా కూర్చోవాలి. స్కోరరు, ఆయనకో సహాయకుడు, టైమరు, షాట్ క్లాక్ ఆపరేటరు... మొత్తం నలుగురు. స్కూలు పోటీలకు అంతమంది ఎక్కడ దొరుకుతారు?

ఇది మన దగ్గరే ఉన్న తిప్పలు కూడా కాదు. అమెరికాలో హైస్కూలు ఆటల నిబంధనలు రాసే జాతీయ సమాఖ్య ఏళ్ల తరబడి తటపటాయించి, 2022-23 నుంచి 35 సెకన్ల గడియారానికి అనుమతిచ్చింది. అదీ ఏ రాష్ట్రానికి ఇష్టమైతే ఆ రాష్ట్రం పెట్టుకోవచ్చని! కాలిఫోర్నియా, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాలు అంతకుముందే సొంతంగా వాడుతున్నాయి. వద్దన్నవాళ్ల అభ్యంతరం ఒకటే... గడియారం కొనే డబ్బు, దాన్ని నడిపే మనిషి. మరో సంగతి. 2023-24లో అదే సమాఖ్య ప్రతి క్వార్టర్‌కూ జట్టు ఫౌళ్లను కొత్తగా లెక్కించి, అయిదో ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలు ఇవ్వాలంది. మొదటిది పడితేనే రెండోది ఇచ్చే పాత పద్ధతి తీసేసింది. తోపులాట, గాయాలు తగ్గుతాయన్నది కారణాల్లో ఒకటి. ఫిబా రూల్సుతో ఆడే మన పిల్లలకు క్వార్టర్ల వారీ లెక్క ముందు నుంచీ అలవాటే.

'స్టెప్స్' గొడవ

రిఫరీకి అసలు తలనొప్పి కాళ్ల దగ్గర. 2017లో ఫిబా ట్రావెలింగ్ నిబంధనను సవరించింది. కదులుతున్న ఆటగాడు బంతిని చేతిలోకి తీసుకునే క్షణంలో నేల మీదున్న అడుగు లెక్కలోకి రాదు. దాన్ని సున్నా అనుకోవాలి. ఆ తర్వాత రెండు అడుగులు. మెట్ల మీద కూర్చున్న నాన్నకు మాత్రం మూడడుగులు కనిపిస్తాయి. ఆయన తన కాలేజీ రోజుల్లో నేర్చుకున్న లెక్కతో 'స్టెప్స్... స్టెప్స్!' అని అరుస్తాడు. కుర్రాడేమో ఫోనులో ఎన్‌బీఏ ముక్కలు చూసి అదే అడుగు రోజూ సాధన చేసి వచ్చాడు. ఇద్దరి మధ్యా రిఫరీ. నిలబడి బంతి అందుకున్నవాడికి ఈ సున్నా అడుగు వర్తించదు. ఆ తేడా పిల్లలకు చెప్పాల్సింది మ్యాచ్‌లో రిఫరీ కాదు, ప్రాక్టీసులో కోచ్. చెప్పకపోతే శిక్ష పడేది పిల్లాడికి.

గీతల కథ మరొకటి. 2010లో బుట్ట కింద గుడారంలా ఉండే గడి దీర్ఘచతురస్రమైంది. మూడు పాయింట్ల గీత 6.25 నుంచి 6.75 మీటర్లకు జరిగింది. సిమెంటు కోర్టు మీద కొత్త గీత వేసి, పాతది చెరపకుండా వదిలేస్తే? అర మీటరు తేడాతో రెండు వంపులు. రెండా మూడా అన్నది తేల్చాల్సింది పాపం రిఫరీయే. ఒక డబ్బా పెయింటుతో పోయే గొడవ ఇది!

మారాల్సిందే మారింది

కొన్ని మార్పులకు మాత్రం ఏ రిఫరీ అయినా దణ్ణం పెట్టాలి. 2004లో అమ్మాయిలకు ఫిబా 6వ నంబరు బంతిని తెచ్చింది. అబ్బాయిల 7వ నంబరు కంటే చుట్టుకొలతలో సుమారు అంగుళం తక్కువ. చిన్న అరచేతిలో ఆ అంగుళమే ఎక్కువ. స్కూల్లో ఉన్న ఒక్క 7వ నంబరు బంతితోనే అమ్మాయిల మ్యాచ్ కూడా కానిచ్చేస్తుంటే అడ్డుచెప్పాల్సింది రిఫరీయే. ఆట మొదలయ్యే ముందు బంతిని పరీక్షించే అధికారం తనదే కాబట్టి. ఇంకా చిన్నపిల్లల మినీ బాస్కెట్‌బాల్‌కు 5వ నంబరు బంతి, 3.05కి బదులు 2.60 మీటర్ల ఎత్తులో రింగు ఉన్నాయి. అవి లేనిచోట పిల్లలు బంతిని నడుము దగ్గర నుంచి బిందె విసిరినట్టు విసురుతారు.

2014 జులైలో చైనాలోని వుహాన్‌లో జరిగిన ఆసియా కప్‌ది మరో కథ. భారత ఆటగాళ్లు అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్‌లను తలపాగాలు తీసేసి ఆడమన్నారు. తల మీద ఏదీ ఉండకూడదన్నది అప్పటి రూలు. అక్కడి రిఫరీలు పుస్తకంలో ఉన్నదే చెప్పారు. కానీ ఆ పుస్తకమే తప్పు! వివాదం పెద్దదై, చివరికి 2017 అక్టోబరు నుంచి షరతులతో తలపాగా, హిజాబ్‌లకు ఫిబా అనుమతిచ్చింది. ముఖం కప్పకూడదు, గుచ్చుకునే పిన్నులు ఉండకూడదు, రంగు జట్టంతటికీ ఒకటే ఉండాలి. అంటే ఈరోజు తలకు గుడ్డ కట్టుకున్న అమ్మాయిని పక్కన కూర్చోబెట్టాల్సిన అవసరం ఏ రిఫరీకీ లేదు. కావలసిందల్లా ఆ సంగతి తెలిసి ఉండటమే.

టాస్‌కు ముందే...

మరి గడియారం లేని గ్రౌండులో 24 సెకన్ల మాటేమిటి? పుస్తకం ప్రత్యేకంగా చెప్పని విషయాల మీద నిర్ణయం తీసుకునే అధికారం ప్రధాన రిఫరీకి ఉంది. అది వాడాల్సింది చివరి రెండు నిమిషాల్లో కాదు. జంప్ బాల్‌కు ముందే ఇద్దరు కోచ్‌లనూ, ఇద్దరు కెప్టెన్లనూ టేబుల్ దగ్గరికి పిలవాలి. రెండు స్కూళ్లకూ చెందని సీనియర్ విద్యార్థి చేతికి స్టాప్‌వాచ్ ఇవ్వాలి. పది సెకన్లు మిగిలినప్పుడు గ్రౌండంతా వినపడేలా చెబుతాడని, అతని లెక్కే లెక్కని అందరి ముందూ ఒప్పించాలి. మెట్ల మీదున్న వాళ్లకూ వినిపిస్తే మరీ మంచిది.

అప్పుడు ఆ 38-37 మ్యాచ్‌లో బంతి మూలకు చేరగానే టేబుల్ దగ్గర నుంచి 'పది!' అన్న కేక వస్తుంది. మూలనున్న కుర్రాడు ఉలిక్కిపడి, బుట్ట వైపు తలెత్తి చూస్తాడు.