రోటి దగ్గర పాట

జపాను దేశంలో ఉత్తరాన హొక్కైడో అనే పెద్ద దీవి ఉంది. చలి ప్రాంతం. ఐను అనే జనం ఎంతో కాలంగా అక్కడ ఉంటున్నారు.

ఐను ఆడవాళ్లు ఊదలు, కొర్రలు దంచుతూ పాడేవారు. రోలు ఒకటే. రోకళ్లు రెండు మూడు. తాళం తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. దంపుళ్ల పాట తెలిసినవారికి ఈ సంగతి వేరే చెప్పాలా!

పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు నాలుక ఆడిస్తూ వింత చప్పుడు చేసేవారు. పండగనాడు పెద్ద చెక్క డబ్బా మూత చుట్టూ కూర్చునేవారు. మూత మీద తడుతూ పాడేవారు. ఒకరు ఎత్తుకున్న పాటను ఇంకొకరు కాస్త ఆగి అందుకునేవారు. దీన్ని ఉపోపో అంటారు.

ఐను భాషకు లిపి లేదు. పాటలన్నీ నోటిలోనే ఉండేవి. 1899లో జపాను ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. బడుల్లో ఐను పిల్లలకు జపాను భాషే నేర్పారు. ఇళ్లలో ఐను మాట తగ్గింది. మాటతో పాటే పాటా తగ్గింది.

చిరి యుకీఎ ఒక ఐను అమ్మాయి. అమ్మమ్మ నోట విన్న పాటలు 13 రాసిపెట్టింది. ఐను మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. పక్కనే జపాను భాషలో అర్థం రాసింది. 1922లో గుండె జబ్బుతో చనిపోయింది. అప్పటికి ఆమెకు 19 ఏళ్లే. పుస్తకం 1923లో అచ్చయింది.

ఆ పాత చట్టం 1997లో గాని పోలేదు. 2020లో షిరావోయి ఊళ్లో ప్రభుత్వం ఐనుల మ్యూజియం తెరిచింది. ఆ చోటికి ఉపోపోయ్ అని పేరు పెట్టారు. అంటే, అందరూ కలిసి పాడడం.