సెకండ్ హ్యాండ్ 320డీ కొంటున్నారా? పెయింట్ తర్వాత, ముందు లాగ్స్ చూడండి

సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కొనేటప్పుడు మనం ఫస్ట్ చూసేది బ్యాటరీ హెల్త్. తర్వాత ఐఎంఈఐ, ఆ తర్వాత డిస్‌ప్లే ఒరిజినలా కాదా అని. 30 వేల ఫోన్‌కి ఇంత హడావిడి చేసే మనం, 14 లక్షల కారు దగ్గరికి వెళ్లేసరికి పాలిష్ మెరుపు చూసి పడిపోతాం.

నా ఫ్రెండ్ ఒకడు గత నెల సరిగ్గా అదే చేశాడు. హైదరాబాద్‌లో ఒక యూజ్డ్ కార్ల స్టాక్‌యార్డ్‌లో 2014 మోడల్ బీఎండబ్ల్యూ 320డీ చూశాడు. మీటర్ మీద 62 వేల కిలోమీటర్లు. 50 వేలు టోకెన్ కట్టేసి, ఆ తర్వాత నాకు ఫోన్ చేశాడు. "రేయ్, నీ దగ్గర ఆ బ్లూటూత్ స్కానర్ ఏదో ఉంది కదా, ఒకసారి తీసుకురారా." టోకెన్ కట్టకముందు చేయాల్సిన ఫోన్ అది. సరే, వెళ్లాను.

మేం వెళ్లేసరికి కారు స్టార్ట్ చేసి, ఏసీ వేసి రెడీగా ఉంచారు. మర్యాద అనుకుంటాం కానీ నాకు అక్కడే డౌట్ కొట్టింది. ఎందుకంటే ఈ కారులో అతి ఖరీదైన ప్రాబ్లమ్ వినిపించేది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే.

కోల్డ్ స్టార్ట్ ఎందుకంత ముఖ్యం?

ఎఫ్30 జనరేషన్ 3 సిరీస్ 2012లో ఇండియాకి వచ్చింది. 320డీలో మొదట ఎన్47 డీజిల్ ఇంజిన్ (184 హెచ్‌పీ, 380 ఎన్ఎం) ఉండేది, 2016 ఫేస్‌లిఫ్ట్‌తో బీ47 (190 హెచ్‌పీ, 400 ఎన్ఎం) వచ్చింది. రెండింట్లోనూ టైమింగ్ చైన్ ఇంజిన్ ముందు వైపు కాదు, వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. ఎన్47లో ఈ చైన్, దాని గైడ్లు అరిగిపోవడం ప్రపంచమంతా తెలిసిన కంప్లయింట్. పాత ఈ90 మోడళ్లలో ఎక్కువ, తర్వాత డిజైన్ మార్చారు కాబట్టి ఎఫ్30లో తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. చైన్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, చాలా గ్యారేజీల్లో ఇంజిన్ మొత్తం బయటికి తీస్తారు. పార్ట్ రేటు కంటే లేబర్ బిల్లే భయపెడుతుంది. చైన్ తెగితే మాత్రం పిస్టన్లు వాల్వులకి తగిలి ఇంజిన్ పోయినట్టే.

అందుకే రాత్రంతా ఆగి ఉన్న కారుని పొద్దున్నే మీరే స్టార్ట్ చేయాలి. బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఇంకోరోజు రండి. స్టార్ట్ అయ్యాక ఒకరు యాక్సిలరేటర్ మెల్లగా తొక్కి 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య ఉంచాలి, ఇంకొకరు ఇంజిన్ వెనక భాగం దగ్గర వినాలి. డీజిల్ ఎలాగూ గడగడమంటుంది. మీకు కావాల్సింది ఆ గడగడ కాదు, దాని వెనక గొలుసు గీసుకుపోతున్నట్టు వచ్చే సౌండ్. ఫోన్‌లో రికార్డ్ చేసి, ఇంకో 320డీ సౌండ్‌తో పోల్చుకోండి.

ఎన్20 పెట్రోల్ ఇంజిన్ ఉన్న 328ఐ చూస్తున్నవాళ్లకి కూడా చైన్ భయం ఉంది. అందులో ప్లాస్టిక్ గైడ్లు విరుగుతాయి. 2015 మొదటి వరకు తయారైనవాటి మీద ఎక్కువ అనుమానం పెట్టుకోండి.

కారు దాచుకున్న లెక్క

ఇక మన ఏరియా. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ డాంగిల్ అందులో పెట్టి టార్క్ లాంటి యాప్ ఓపెన్ చేస్తే చాలు. ఐఫోన్ వాళ్లు మాత్రం పాత బ్లూటూత్ డాంగిల్ కొనకండి, కనెక్ట్ అవ్వదు. బ్లూటూత్ లో ఎనర్జీ లేదా వైఫై మోడల్ కావాలి.

అందరూ ఎర్రర్ కోడ్స్ చూసి "జీరో" అని సంబరపడతారు. కోడ్స్ చెరిపేయడం ఒక్క బటన్ పని. మీరు చూడాల్సింది వేరే: "కోడ్స్ క్లియర్ చేసినప్పటి నుంచి తిరిగిన దూరం" అనే రీడింగ్, దాంతోపాటు రెడీనెస్ మానిటర్స్. ఎవరైనా కోడ్స్ చెరిపితే ఈ రెండూ రీసెట్ అవుతాయి. కారు కొన్నాళ్లు మామూలుగా తిరిగితే తప్ప మానిటర్స్ మళ్లీ "కంప్లీట్" అవ్వవు.

మా వాడి కారులో ఆ దూరం 6 కిలోమీటర్లు.

"నిన్న బ్యాటరీ మార్చినం అన్నా, దాని వల్లనే" అన్నాడు సేల్స్ కుర్రాడు. కావచ్చు. అయితే బ్యాటరీ బిల్లు చూపించమన్నాం. బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీ పెడితే దాన్ని కారు కంప్యూటర్‌లో రిజిస్టర్ కూడా చేయాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకునే చార్జ్ చేస్తుంటుంది. బిల్లు లేదు. నాలుగు రోజులు తిప్పాక మళ్లీ స్కాన్ చేస్తాం అన్నాం. కుదరదన్నాడు. కుదరదన్న మాట నాకు ఏ ఎర్రర్ కోడ్ కంటే క్లియర్‌గా అనిపించింది.

62 వేలు నిజమేనా అన్నది కూడా కారునే అడగొచ్చు. కిలోమీటర్లు మీటర్‌లో మాత్రమే ఉండవు, వేరే మాడ్యూల్స్‌లో కూడా స్టోర్ అవుతాయి. బీఎండబ్ల్యూ కోసమే చేసిన బిమ్మర్‌లింక్ లాంటి యాప్‌తో స్కాన్ చేస్తే, పాత ఫాల్ట్స్ ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చాయో కూడా కనబడే చాన్స్ ఉంది. మీటర్ 62 వేలంటుంటే ఫాల్ట్ లక్షా పది వేల దగ్గర రికార్డై ఉంటే ఇక మాట్లాడేదేం లేదు. ఇంకో విషయం, ఎఫ్30 తాళంచెవిలోనే కిలోమీటర్ల డేటా సేవ్ అవుతుంది. సర్వీస్ సెంటర్‌లో కీ రీడర్ ఉంటుంది. రెండు తాళాలూ అడగండి.

కూలెంట్, గేర్‌బాక్స్, టైర్లు

2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరసగా తగలబడటంతో పెద్ద రీకాల్ జరిగింది. ఈజీఆర్ కూలర్‌లో కూలెంట్ లీకై, మసితో కలిసి, వేడికి అంటుకోవడం కారణమన్నారు. ఆ ఏడాది అక్టోబర్‌కల్లా ప్రపంచవ్యాప్తంగా రీకాల్ సుమారు 16 లక్షల కార్లకి చేరింది. మీరు చూస్తున్న కారు చాసిస్ నంబర్ తీసుకుని ఆథరైజ్డ్ సర్వీస్‌లో పెండింగ్ రీకాల్ ఉందేమో అడగండి. కూలెంట్ లెవెల్ తక్కువగా ఉంటే "టాప్ అప్ చేస్తే సరిపోతుంది" అనే మాట నమ్మకండి.

8 స్పీడ్ జెడ్ఎఫ్ గేర్‌బాక్స్ గట్టిది. కానీ ఆయిల్ "లైఫ్‌టైమ్" అని మార్చకుండా వదిలేస్తారు. తయారు చేసిన జెడ్ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. రన్‌ఫ్లాట్ టైర్ల పక్కగోడల మీద ఉబ్బులు, తయారీ కోడ్ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం.

టోకెన్‌లో 30 వేలు వెనక్కి వచ్చాయి, 20 వేలు పోయాయి. వాడింకా ఆ బాధలోనే ఉన్నాడు. ఈ ఆదివారం ఉప్పల్‌లో ఇంకో 320డీ ఉంది, ఓనర్ దగ్గరే. పొద్దున ఏడింటికి వస్తామన్నాం. మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దన్నా అని మావాడే చెప్పాడు.