ఇంటినుండి అభినయ పరీక్ష

నటీనటుల ఎంపికకై ఇంటివద్దనే సెల్‌ఫోనుతో అభినయమును చిత్రీకరించి పంపు పద్ధతి 2020లో కోవిడ్ వలన మిక్కిలి వ్యాపించినది. వెలుతురునకు కిటికీకి ఎదురుగా నిలిచిన చాలును, చిక్కంతయు కంఠధ్వనితోనే. మైకు దూరము రెండింతలైనచో నేరుగా దానిని చేరు ధ్వనితీవ్రత నాలుగవ వంతగును. గదిలోని ప్రతిధ్వని మాత్రము అంతగా తగ్గదు. అందుచేతనే ఆరడుగుల దూరమునుండి పలికిన చక్కని సంభాషణ సైతము నూతిలోని మాటవలె వినవచ్చును. చొక్కాకు తగిలించు చిన్న మైకు మేలు. అది లేనివారు పరుపులు, దుప్పట్లు, వ్రేలాడు బట్టలు గల గదిని ఎన్నుకొనవలెను. మెత్తని వస్తువులు ప్రతిధ్వనిని మ్రింగివేయును. పంకాను ఆపవలెను. ఉక్కపోతకు ఓర్చుకొనక తప్పదు! ఎదుటి పాత్ర మాటలను అందించు మిత్రుడు కెమెరా ప్రక్కన నిలిచి, గొంతు తగ్గించి చదువవలెను. తానును నటింపబూనెనా, ఫోనుకు దగ్గరివాడు గనుక ఎంపికచేయువారికి అతని కంఠమే ముందు వినబడును.