మిశ్రలోహ చక్రాలు – సంరక్షణ

మానవుడు నిర్మించుకొన్న సాధనాలలో చక్రం మహత్తరమైనది. కర్ర ఆకులతో బండిచక్రాన్ని కూర్చి, కాల్చిన ఇనుప పట్టాను దాని చుట్టూ తొడిగి, నీళ్లు పోసి బిగించే విద్య మన పల్లెల్లో వడ్రంగికీ, కమ్మరికీ తరతరాలుగా తెలిసినదే. పట్టా అరిగినా, ఆకు వదులైనా రైతు వెంటనే గుర్తించేవాడు. బండిని కొలిమి దగ్గరకు తోలుకొనిపోయి బాగుచేయించుకొనేవాడు. కాలం మారింది. నేటి కార్లలో అనేకం అల్యూమినియం మిశ్రలోహంతో పోతపోసిన చక్రాలపై పరుగులు తీస్తున్నాయి. వాడుకలో వీటిని ‘అల్లాయ్ వీల్స్’ అంటారు. వెండిలా మెరిసే ఈ చక్రాలకు తుప్పు పట్టదనీ, వాటిపై పడిన గీత అందానికి మాత్రమే లోపమనీ చాలామంది భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాలలోనూ సత్యం సగమే ఉంది. మిగిలిన సగాన్ని తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే చక్రం వాహనపు బరువుతో పాటు అందులో ప్రయాణించేవారి ప్రాణభారాన్ని కూడా మోస్తుంది.

భూమి పైపొరలో లోహాలన్నింటికంటే అధికంగా ఉన్నది అల్యూమినియమే. అయినా అది సాధారణంగా విడిగా దొరకదు; బాక్సైటు వంటి ఖనిజాలలో ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. 1825లో డెన్మార్కు శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ ఈ లోహాన్ని వేరుచేయగలిగాడు. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ హెరూ ఒకరి కృషి ఒకరికి తెలియకుండానే దానిని విద్యుత్తు సహాయంతో తయారుచేసే పద్ధతిని కనుగొన్నారు. అంతవరకు విలువైన లోహాల సరసన నిలిచిన అల్యూమినియం ఆ తరువాత క్రమంగా సామాన్యుల వంటింటికి చేరింది. 1924లో బుగాటి సంస్థ తన ‘టైప్ 35’ పందెపు కారుకు పోత అల్యూమినియం చక్రాలను అమర్చింది. పందెపు కార్లలో ప్రారంభమైన ఈ పద్ధతి కాలక్రమంలో సాధారణ వాహనాలకూ విస్తరించింది.

శుద్ధమైన అల్యూమినియం మెత్తనిది. చక్రం వంటి బరువైన పనికి అది పనికిరాదు. అందువల్ల దానిలో సుమారు 7 శాతం సిలికాన్‌ను, ఒక శాతంలో దాదాపు మూడోవంతు మెగ్నీషియంను కలుపుతారు. కరిగిన లోహం మూసలోని సన్నని సందులలోకి చక్కగా ప్రవహించడానికి సిలికాన్ తోడ్పడుతుంది. పోత పూర్తయిన తరువాత చేసే ఉష్ణసంస్కారంలో మెగ్నీషియం లోహానికి బలాన్ని చేకూరుస్తుంది. ఒక ఘనపు సెంటీమీటరు ఇనుము బరువు 7.8 గ్రాములకు పైగా ఉండగా అంతే అల్యూమినియం 2.7 గ్రాములు మాత్రమే తూగుతుంది. బలం కోసం మిశ్రలోహ చక్రాన్ని మందంగా పోతపోయవలసి వచ్చినా, సాధారణంగా అది ఉక్కు చక్రం కంటే తేలికగానే ఉంటుంది. ఉష్ణాన్ని త్వరగా ప్రసరింపజేసే గుణం కూడా దానికి ఉంది.

అల్యూమినియానికి తుప్పు పట్టదనే మాటలో ఎంత నిజముందో పరిశీలించాలి. ఇనుముపై ఏర్పడే తుప్పు వదులైనది, పెచ్చులుగా రాలిపోతుంది. రాలిన చోట కొత్త లోహం బయటపడి మళ్లీ తుప్పు పడుతుంది. అల్యూమినియం స్వభావం వేరు. గాలి సోకిన క్షణంలోనే దానిపై ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో కొన్ని పదిలక్షలవ వంతులు మాత్రమే. అయినా అది లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకొని, కిందిభాగానికి గాలి, నీరు చేరకుండా కాపాడుతుంది. గీసుకొనిపోతే మళ్లీ తనంతట తానే ఏర్పడుతుంది. ఒక విధంగా ఇది లోహానికి సహజ కవచం. అయితే ఈ కవచానికి మూడు శత్రువులున్నాయి. అవి ఆమ్లం, క్షారం, ఉప్పు. చింతపండు పులుసును అల్యూమినియం గిన్నెలో నిలువ ఉంచరాదని పెద్దలు చెప్పే మాటలో ఈ రసాయన సత్యమే దాగి ఉంది.

ఈ శత్రువుల నుండి రక్షించడానికే కర్మాగారాలలో చక్రానికి మరికొన్ని పూతలు పూస్తారు. ముందుగా లోహాన్ని రసాయనాలతో శుభ్రపరిచి, రంగు చక్కగా పట్టేలా సిద్ధం చేస్తారు. దానిపై ప్రైమర్‌ను, తరువాత రంగును, చివరగా పారదర్శకమైన పైపూతను వేస్తారు. కొన్ని చక్రాల ముఖభాగాన్ని లేత్ యంత్రంపై సన్నగా చెక్కి, లోహపు మెరుపు కనిపించేలా పారదర్శక పూతను మాత్రమే వేస్తారు. చూపులకు ఇవి ఎంత అందమైనవో రక్షణ విషయంలో అంత సుకుమారమైనవి. ఏ చక్రానికైనా ఈ పూతలన్నీ కలిపినా రెండు మూడు కాగితాల మందానికి మించవు. అంత పలుచని తెర వెనుక లోహం సురక్షితంగా ఉంటుంది.

ఆ తెర చిరగడానికి పెద్ద ప్రమాదమేమీ జరగనక్కరలేదు. కారు నిలిపేటప్పుడు చక్రం కాలిబాట అంచురాయికి ఒరుసుకొన్నా, రోడ్డుపై కంకర ఎగిరి తగిలినా, టైరు మార్చేటప్పుడు ఇనుప పనిముట్టు జారినా పూత తెగుతుంది. బ్రేకులు వేసినప్పుడు రాలే ఇనుప రజను వేడిగా వచ్చి పైపూతకు అతుక్కొంటుంది. దానిని కడగకుండా వదిలివేస్తే అది అక్కడే తుప్పుపట్టి గోధుమరంగు మచ్చలుగా మిగిలిపోతుంది. ఆ మచ్చలు చక్రపు తుప్పు కావు. అయినా పూతను పాడుచేసి చక్రానికి చేటు తెస్తాయి.

పూత తెగిన చోట తేమ చేరుతుంది. తేమతో పాటు ఉప్పు కూడా చేరితే క్షయం ఊపందుకొంటుంది. ఉప్పులోని క్లోరైడ్ కణాలు ఆక్సైడ్ పొరను అక్కడక్కడ ఛేదించి, లోహంలో సూదిమొన వంటి గుంటలను తొలుస్తాయి. శీతల దేశాలలో చలికాలంలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు. అందువల్ల అక్కడి చక్రాలకు ఈ బెడద ఎక్కువ. మన రోడ్లపై ఆ అలవాటు లేకపోయినా సముద్రపు గాలి ఆ లోటు తీరుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరనగరాలలో అలల నుండి లేచిన సూక్ష్మమైన ఉప్పు తుంపరలు గాలిలో తేలివచ్చి వాహనాలపై నిలుస్తాయి. అందుచేత లోతట్టు ప్రాంతాలలో కంటే తీరప్రాంతంలో గీతల పట్ల ఎక్కువ జాగ్రత్త అవసరం.

పైపూత కింద సాగే మరొక క్షయం విచిత్రమైనది. గీత అంచున మొదలైన క్షయం, పూతకూ లోహానికీ మధ్య సన్నని దారపు పోగులాగా వంకరటింకరగా పాకుతూ పోతుంది. దీనిని తంతురూప క్షయం అంటారు. ఆ పోగు తలభాగంలో ఆక్సిజన్ తక్కువగా, ఆమ్లగుణం ఎక్కువగా ఉంటుంది. అక్కడ లోహం కరుగుతూ ఉంటే తోకభాగంలో తెల్లని హైడ్రాక్సైడ్ పొడి పేరుకొంటుంది. ఆ పొడి తాను పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల పూత ఉబ్బి, పొక్కులై, చివరకు ఊడిపోతుంది. చెదపురుగు కలపలోపల నడిచినట్లు ఈ క్షయం పూత చాటున నడుస్తుంది. పైకి కనిపించే నాటికి అది చాలా దూరం ప్రయాణించి ఉంటుంది.

రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానినొకటి తాకినప్పుడు ఇంకొక రకం క్షయం కలుగుతుంది. 1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా రాగి లేదా వెండి బిళ్లలను, జింకు బిళ్లలను ఒకదానిపై ఒకటి పేర్చి, మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలనుంచి విద్యుత్తును పుట్టించాడు. అటువంటి ఘటమే చక్రం మీద మనకు తెలియకుండా ఏర్పడుతుంది. అల్యూమినియం చక్రం ఉక్కు భాగాన్ని తాకే చోట, బ్యాలెన్సింగ్ కోసం ఉక్కు బిళ్లలను తగిలించిన అంచున ఉప్పు తేమ చేరితే, అల్యూమినియం కరిగి ఉక్కును కాపాడుతుంది. అందుకే బిళ్లలపైన కూడా పూత ఉండాలి. పూత పోయిన పాత బిళ్లలను మళ్లీ వాడరాదు.

టైరు అంచు చక్రాన్ని అదుముకొని ఉండే చోట కలిగే క్షయం మరింత గమనించదగినది. ట్యూబు లేని టైర్లలో గాలిని నిలిపేది ఆ అదుము మాత్రమే. అక్కడ లోహం గరుకుబారి తెల్లని పొడి చేరితే గాలి కొంచెం కొంచెంగా బయటకు పోతుంది. మేకు గుచ్చుకొనదు, పంక్చరు కనిపించదు. అయినా రెండు మూడు రోజులకొకసారి గాలి తగ్గుతుంది. గాలి తగ్గిన టైరు పరుగులో వేడెక్కి పగిలే ప్రమాదముంది. అలంకారానికి సంబంధించినదని తలచిన లోపం ఈ విధంగా భద్రతకు సంబంధించినదవుతుంది.

కాబట్టి చక్రానికి కలిగిన దెబ్బ ఎటువంటిదో ముందుగా నిర్ణయించాలి. పైపూతకే పరిమితమైన గీత గోటికి తగలదు; మెరుగుపెట్టే లేపనంతో మెత్తగా రుద్దితే చాలావరకు మాసిపోతుంది. గోరు పట్టుకొని ఆగే గీత లోహం వరకు దిగినదై ఉండవచ్చు. దానికి పూత పని అవసరం. వంకర, పగులు, పెచ్చు ఊడిన అంచు ఈ రెంటికీ భిన్నమైనవి. ఇవి బలానికి తగిలిన గాయాలు. ఇంటివద్ద వీటికి చికిత్స లేదు.

లోహం వరకు దిగిన సామాన్యమైన గీతను బాగుచేసే విధానం కష్టమైనది కాదు; ఓర్పు కావాలి. మొదట చక్రాన్ని నీటితో, తేలికపాటి సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. జిడ్డు, మైనం లేకుండా తుడవాలి. టైరును కాగితంతో కప్పి అంటుపట్టీతో మూయాలి. తరువాత గరుకు కాగితంతో రుద్దాలి. 240 సంఖ్య గల కాగితంతో ప్రారంభించి 400, 600 సంఖ్యల నున్నని కాగితాలకు రావాలి. ఉబ్బిన పూతను, తెల్లని పొడిని పూర్తిగా తొలగించి, గుంటల అడుగున శుభ్రమైన లోహం కనిపించేవరకు ఆగరాదు. ఈ దశలో తొందరపడితే చేసిన పనంతా వృథా. మిగిలిన క్షయం కొత్త రంగు కింద మళ్లీ పాకుతుంది. ‘పైన పటారం, లోన లొటారం’ అనే సామెత అటువంటి పనికి సరిగ్గా సరిపోతుంది.

చిన్న గుంటలను వేడిని ఓర్చుకొనే ఎపాక్సీ పుట్టీతో నింపి, ఆరిన తరువాత చదును చేయాలి. పుట్టీ ఆకారాన్ని ఇస్తుంది కాని బలాన్ని ఇవ్వదని గుర్తుంచుకోవాలి. బయటపడిన అల్యూమినియంపై సాధారణ రంగు గట్టిగా నిలవదు. ఆ లోహానికి తగిన ప్రైమర్‌ను రుద్దిన కొద్దిసేపటికే పూయాలి. ఆలస్యం చేస్తే తేమ, చేతిజిడ్డు మళ్లీ చేరతాయి. ప్రైమర్ ఆరిన మీదట రంగును, ఆపై పారదర్శక పూతను పలుచగా పలు దఫాలుగా వేయాలి. ఒకేసారి దట్టంగా వేసిన రంగు కారి, చారలు పడుతుంది. రుద్దేటప్పుడూ, రంగు చల్లేటప్పుడూ ముక్కుకు ముసుగు, గాలి ఆడే చోటు తప్పనిసరి. చక్రం ఇరుసుభాగానికి ఆనుకొనే తలంపైనా, నట్లు కూర్చొనే గుంటలలోనూ రంగు పడరాదు. ఆ రంగు తరువాత నలిగిపోయి నట్లు వదులయ్యే అవకాశముంది.

శుభ్రపరిచే పద్ధతిలోనూ వివేకం అవసరం. ఇత్తడి చెంబును చింతపండుతో తోమి తళతళలాడించడం మన ఇళ్లలో పరిపాటి. ఆ అనుభవంతో చక్రానికి పులుపును పట్టించడం, స్నానాల గదులు కడిగే ఆమ్లాన్ని వాడడం, ఘాటైన సోడాతో రుద్దడం హానికరం. ఆమ్లక్షారాలు ఆక్సైడ్ కవచాన్ని కరిగించి లోహాన్ని తినివేస్తాయి. ఇనుప పీచుతో రుద్దితే గీతలు పడడమే కాక, చిక్కుకొన్న ఇనుప తునకలు తుప్పుపట్టి కొత్త మచ్చలకు కారణమవుతాయి. బోరునీరు కఠినజలమైన చోట కడిగిన వెంటనే మెత్తని గుడ్డతో తుడవకపోతే తెల్లని సున్నపు చారలు మిగులుతాయి. చక్రం వేడిగా ఉన్నప్పుడు కడగకుండా చల్లారనివ్వడం మంచిది.

పగులు విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. గట్టి దెబ్బకు ఉక్కు చాలావరకు వంగుతుంది. పోత అల్యూమినియం పగిలే అవకాశం ఎక్కువ. గుంతలో బలంగా పడిన తరువాత స్టీరింగు అదిరినా, గాలి తగ్గుతున్నా చక్రాన్ని విప్పి లోపలి వైపు కూడా పరీక్షింపజేయాలి. వెంట్రుక వంటి పగుళ్లను రంగుద్రవం పట్టించి కనిపెట్టే పద్ధతి ఉంది. పగిలిన చోటును వెల్డింగుతో అతికించి, రంగు వేసి కొత్తదానిలా చూపించవచ్చు. కాని ఆ వేడికి, కర్మాగారంలో ఉష్ణసంస్కారం వల్ల లభించిన బలం అతుకు చుట్టుపక్కల తగ్గిపోతుంది. నిలిచి ఉన్న కారులో ఆ లోపం కనిపించదు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు బయటపడుతుంది. అందుచేత పగిలిన చక్రాన్ని మార్చడమే సరైన మార్గం. పాత చక్రాలను కొనేవారు పై మెరుపును చూసి మోసపోక లోపలి అంచును పరిశీలించాలి.

లోహం మాట్లాడదు. అయినా తెల్లని పొడితో, పొక్కుతో, తగ్గే గాలితో తన బాధను తెలుపుతూనే ఉంటుంది. ఆ సంకేతాలను గుర్తించినవారికి అర పూట శ్రమతో పని జరుగుతుంది. నిర్లక్ష్యం చేసినవారు గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకొంటారు. వారానికొకసారి కడగడం, నెలకొకసారి గాలి పీడనాన్ని చూడడం, గీత పడిన వెంటనే పూత వేయించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. బండి ఎక్కే ముందు చక్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసిన నాటి రైతు అలవాటు నేటి వాహనదారునికీ శిరోధార్యమే.